ముందు కొలత, తరువాత తవ్వకం
మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం

బేస్తవారిపేట సమీపంలో మోక్షగుండం అనే పల్లె ఉంది. ముక్తేశ్వరస్వామి గుడి ఉన్న ఊరుగా గిద్దలూరు, కంభం ప్రాంతాల రైతులకు అది తెలుసు. దేశంలో మిగిలిన వారికి మాత్రం ఆ ఊరి పేరు ఒక మనిషి ఇంటిపేరుగానే తెలుసు. మూసీ వరద నుంచి హైదరాబాదును కాపాడటానికి పథకం గీసిన ఇంజనీరు, మైసూరు దివాను, భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులు ఈ ఊరి వారే.

ఆయన ఇక్కడ పుట్టలేదు. తాత ముత్తాతల కాలానికి ముందే ఆ కుటుంబం మైసూరు రాజ్యానికి వలస వెళ్లింది. అయినా ఇంటిపేరు మారలేదు, ఇంట్లో తెలుగు మాట పోలేదు. గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల నాడు కట్టిన కంభం చెరువు ఈ ఊరికి ఎంతో దూరంలో లేదు. వందల ఏళ్లుగా నిలిచిన ఆ కట్టను చూసిన వారికి పని నిలవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. విశ్వేశ్వరయ్య జీవితమంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. ప్రజల సొమ్ముతో కట్టే పని నిలవాలంటే ముందు ఏమి చేయాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే ఆయన ఆలోచన.

పేదరికంలో చదువు

విశ్వేశ్వరయ్య 1860 సెప్టెంబరు 15న చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఆస్తిపాస్తులు అంతంత మాత్రమే. కుమారుడు బడిలో చదువుకుంటున్న వయసులోనే తండ్రి కన్నుమూశారు. చిక్కబళ్లాపురంలో చదువు ముగించి బెంగుళూరులో ఉన్న మేనమామ రామయ్య ఆసరాతో ఆయన పై చదువులకు వెళ్లారు. సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఒక కొడగు కుటుంబంలో పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. 1881లో బి.ఏ. పూర్తయింది.

అప్పటి మైసూరు దివాను రంగాచార్లు ఈ కుర్రవాడి తెలివిని గుర్తించారు. ప్రభుత్వ ఉపకార వేతనం మీద పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివే అవకాశం దొరికింది. 1883లో బొంబాయి రాజధానిలోకెల్లా ప్రథముడిగా నెగ్గడంతో, మరుసటి ఏడాది 1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లు.

మొదటి పరీక్ష

నాసిక్, ఖాందేశ్ ప్రాంతాలలో తొలి ఉద్యోగం. పాంజ్రా అనే చిన్న నదిని దాటించి కాలువ నీటిని ఆవలికి పంపే గొట్టపు సైఫన్ పని ఆయనకు అప్పగించారు. సైఫన్ అంటే నీరు ఒక గట్టున గొట్టంలోకి దిగి, ఏటి అడుగు నుంచి వెళ్లి, ఆవలి గట్టున పైకి లేచే ఏర్పాటు. పని సాగుతుండగా వర్షాలు వచ్చాయి. వరదకు తవ్విన చోట ఇసుక మేట వేసింది. వర్షాలు పోయేదాకా ఆపితే ఖర్చు తగ్గుతుందని పై అధికారికి ఆయన రాసుకున్నారు. కొత్తగా చేరిన ఉద్యోగి పని తప్పించుకోజూస్తున్నాడని అధికారి భావించారు. విశ్వేశ్వరయ్య తిరిగి వాదించకుండా ఆ వానల్లోనే పని ముగించి చూపారు. అధికారికి ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఆ రోజుల్లో సర్కారు పనులు నడిచే తీరు నేటి పంచాయతీ పనులు చూసిన వారికి కొత్తగా తోచదు. మొదట సర్వే, దాని మీద అంచనా, ఆ తరువాత మంజూరు. మంజూరైన పనిని రెండు మూడు రకాలుగా చేయించేవారు. శాఖే కూలీలను పెట్టుకుని మస్టరు రోలు మీద హాజరు వేసి చేయించడం ఒకటి. గజానికింత, ఘనపుటడుగుకింత అని రేటు కట్టి మేస్త్రీలకు ముక్కలుగా ఇవ్వడం రెండోది. టెండరు పిలిచి, ధరావతు కట్టించుకుని, మొత్తం పనిని కాంట్రాక్టరుకు అప్పగించడం మూడోది. ఏ పద్ధతైనా డబ్బు చెల్లించేది మాత్రం కొలతల పుస్తకంలో ఎక్కిన పనికే. పునాది, గొట్టం, కాలువ అడుగు వంటివి పూడ్చక ముందే కొలిచి రాయాలి. పూడ్చిన తరువాత అందులో ఏముందో ఎవరూ తేల్చలేరు.

ఆ శాఖలో పాతికేళ్ల కొలువు విశ్వేశ్వరయ్యకు ఒక పాఠం బాగా నేర్పింది. నీళ్ల పంపు గానీ, మురుగు కాలువ గానీ, ఆనకట్ట గానీ, పనిని నిలబెట్టేదీ పడగొట్టేదీ కంటికి కనబడని భాగమే. కనబడని దానిని ముందే కొలిచి తీరాలి.

సుక్కూరులో నది కింద నీళ్లు

ఈ సూత్రం మొదట గట్టిగా పరీక్షకు నిలిచింది సుక్కూరులో. నేడు పాకిస్తాన్‌లో ఉన్న ఈ పట్టణం అప్పట్లో బొంబాయి రాజధానిలోని సింధు ప్రాంతంలో ఉండేది. సింధు నది ఊరి పక్కనే పారుతున్నా ఊరికి మంచినీళ్లు లేవు. వరద రోజుల్లో నది నీరు ఒండ్రుతో చిక్కబడి తాగడానికి పనికివచ్చేది కాదు. నీటి పథకం నడిపించడానికి బొంబాయి ప్రభుత్వం 1894లో విశ్వేశ్వరయ్యను సుక్కూరు మునిసిపాలిటీకి పంపింది.

నదిలో నీళ్లు తోడి, ఇసుక పడకల మీద వడగట్టి, గుట్ట మీది తొట్టికి ఎక్కించి ఊరికి వదలడం మామూలు పద్ధతి. అయితే వడపోత తొట్ల ఖర్చు ఆ చిన్న మునిసిపాలిటీ మోయలేనిది. అప్పు తెచ్చి కడితే ఆ భారం నీటిపన్ను రూపంలో ఊరి జనం నెత్తిన పడుతుంది. కట్టకపోతే బురద నీరే గతి.

విశ్వేశ్వరయ్య మూడో దారి వెతికారు. నది ఇసుకే ఒక పెద్ద వడపోత గుడ్డ కదా అన్నది ఆయన ఆలోచన. ఏటి ఒడ్డున చెలమ తవ్వితే తేట నీరు ఊరుతుందని మన పల్లెల్లో పిల్లలకు సైతం తెలుసు. దానినే ఆయన లెక్క కట్టి పెద్ద ఎత్తున చేశారు. ఒడ్డుకు దగ్గరగా నది ఇసుకలో బావి దించారు. అందులో ఊరే నీరు ఊరికి చాలదని తేలగా, బావి అడుగు నుంచి నది కిందికి సొరంగం తవ్వించారు. పై నుంచి ఇసుకలో ఇంకి వచ్చిన నీరు తేటపడి బావిలో చేరింది. దానిని గుట్ట మీదికి తోడి ఊరికి వదిలారు. 1895 ఆగస్టు నాటికి పని పూర్తయింది. బొంబాయి గవర్నరు లార్డ్ శాండ్‌హర్‌స్ట్ దానిని ప్రారంభించారు.

పెద్ద పథకం కట్టడం కంటే ఊరి తాహతుకు తగిన పథకం వెదకడం కష్టం. సుక్కూరులో విశ్వేశ్వరయ్య చేసింది ఆ రెండో పని. ఆ తరువాత సూరత్ పట్టణానికీ నీటి పనుల కోసం ఆయన్నే పంపారు.

పూనా తలుపులు

ఆపైన ఆయన పూనాకు వచ్చారు. పూనా నగరానికి, దిగువ పొలాలకు నీరిచ్చేది ఖడక్‌వాస్లా వద్ద ఉన్న ఫైఫ్ చెరువు. జనాభా పెరిగి నీరు చాలకుండా పోయింది. ఏటా వర్షాకాలంలో మాత్రం మిగులు నీరు అలుగు మీద నుంచి పొర్లి వృథాగా పోయేది. ఆనకట్ట ఎత్తు పెంచితే నీరు నిలుస్తుంది. అయితే ఖర్చు ఎక్కువ, పాత గోడ ఆ బరువు తట్టుకోవాలి.

విశ్వేశ్వరయ్య గోడను ముట్టుకోలేదు. అలుగు మీద ఇనుప తలుపులు పెట్టించారు. నీరు ఒక మట్టం దాకా నిండే వరకు అవి మూసి ఉంటాయి. వరద వచ్చి మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకుంటాయి. వరద తగ్గగానే మళ్లీ మూసుకుంటాయి. మనిషి కాపలా ఉండి రాత్రివేళ లేచి ఎత్తవలసిన అవసరం లేదు. ఈ ఏర్పాటుతో అలుగు మీద మరో ఎనిమిది అడుగుల దాకా నీరు నిలపడం సాధ్యమైంది. 1903లో ఈ తలుపులు పనిచేయడం మొదలుపెట్టాయి. ఆ పద్ధతికి పేటెంటు ఆయన పేరనే ఉన్నా, ప్రభుత్వ ఉద్యోగిగా తాను చేసిన పనికి వేరే ప్రతిఫలం ఎందుకని రాయల్టీ పుచ్చుకోలేదు.

తరువాత బొంబాయి రాజధానికి శానిటరీ ఇంజనీరయ్యారు. పట్టణాల మంచినీటి, మురుగునీటి పథకాలు పరిశీలించే కొలువు అది. పూనా, ధార్వాడ, బిజాపూరు వంటి పట్టణాల నీటి పనులు ఆయన చేతి మీదుగా నడిచాయి. 1906లో అరేబియా తీరంలోని ఏడెన్ రేవుకు పంపారు. చుట్టూ ఎడారి, పక్కన ఉప్పు సముద్రం. అక్కడ కూడా లహేజ్ వైపు ఎండిన ఏటి ఇసుకలో ఊటబావి మార్గాన్నే ఆయన సూచించారు.

ఎంత పనిమంతుడైనా ఆనాడు భారతీయుడు చీఫ్ ఇంజనీరు కుర్చీ ఎక్కడం దుర్లభం. ఇది గ్రహించి 1908లో ఆయన కొలువు నుంచి తప్పుకున్నారు. విదేశాలలోని పనులు చూడటానికి యూరప్ వెళ్లారు. ఆ పర్యటనలో ఉండగానే హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది.

మూసీ మింగిన రోజు

1908 సెప్టెంబరు 28. మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. వంతెనల మీదుగా నీరు పొర్లింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి పేటలు కొట్టుకుపోయాయి. చనిపోయిన వారు సుమారు 15 వేలని లెక్క. అఫ్జల్‌గంజ్ తోటలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ వరదకు సాక్షిగా పేరుపడింది.

నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను రప్పించింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరారు. వచ్చీ రాగానే గోడ కట్టమని చెప్పలేదు. వరద ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత వచ్చిందో ముందు తేల్చాలన్నారు. వర్షపాతం లెక్కలు తెప్పించారు. ఎగువ ఊళ్లలో సర్వే చేయించారు. ఇళ్ల గోడల మీద వరద విడిచిన మరకల మట్టాలు కొలిపించారు.

దాంతో అసలు సంగతి బయటపడింది. మూసీ, దాని ఉపనది ఈసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి. ఆ వర్షానికి వాటిలో 221 తెగాయి. పై చెరువు తెగితే దాని నీరు కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది. ఇలా గొలుసుకట్టుగా తెగిన చెరువుల నీరంతా ఒక్కసారిగా నగరం మీద పడింది. వర్షం ఎంత కారణమో, మరమ్మతు లేని కట్టలు, చాలీచాలని అలుగులూ అంతే కారణం. ఏ ఊరి చెరువు కట్టకైనా ఈ లెక్క వర్తిస్తుంది.

1909 అక్టోబరు 1న ఆయన నివేదిక అందజేశారు. నగరంలో ఒడ్డున గోడలు, కరకట్టలు మాత్రమే కడితే చాలదని, వరదను నగరానికి ఎగువనే ఆపి మెల్లగా వదలాలని అందులో సూచించారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలన్నారు. మామూలు రోజుల్లో అవే నగరానికి మంచినీరు ఇస్తాయి. ఒకే ఖర్చుకు రెండు ప్రయోజనాలు. ఒడ్డున ఇరుకు పేటలు తీసివేసి, నది వెంట తోటలు, రోడ్లు వేయాలని, నగరానికి మురుగు కాలువల వ్యవస్థ కావాలని కూడా రాశారు.

నివేదిక ఇచ్చి ఆయన మైసూరు వెళ్లిపోయారు. పనులను నిజాము ప్రభుత్వ ఇంజనీర్లు నడిపించారు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్‌నే గండిపేట చెరువని పిలుస్తారు. అక్కడి నుంచి నీరు పల్లానికి తానే ప్రవహించి ఆసిఫ్‌నగర్ వడపోత తొట్లకు చేరేలా కాలువ కట్టారు. ఎత్తిపోసే ఖర్చు లేదు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు వాడలు తొలగించి రోడ్లు వేసింది. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి.

మురుగు కాలువల పని కోసం 1922లో నిజాము ప్రభుత్వం ఆయన్ను మళ్లీ పిలిచింది. నీటి గొట్టం కంటే మురుగు కాలువ కష్టం. నీటిని ఒత్తిడితో ఎటైనా తోయవచ్చు. మురుగు మాత్రం వాలును బట్టే పారుతుంది. వాలు తక్కువైతే పూడుతుంది, ఎక్కువైతే కాలువ అడుగు కోసుకుపోతుంది. వీధి వీధికీ మట్టం కొలవకుండా ఒక్క గజం కూడా వేయకూడదు. ఆ పనిలో హైదరాబాదు యువ ఇంజనీర్లు ఆయన వద్ద తర్ఫీదు పొందారు.

కనబడని పునాది

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు. కావేరి మీద కన్నంబాడి వద్ద ఆనకట్ట 1911లో మొదలైంది. అదే కృష్ణరాజ సాగరం. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో పూర్తి ఎత్తుకు అనుమతి దొరకలేదు. తొలి దశ 80 అడుగులకే పరిమితమైంది.

80 అడుగుల గోడకు సరిపడా పునాది వేస్తే ఖర్చు తగ్గుతుంది. అప్పుడిక గోడ ఏనాటికీ పెరగదు. అనుమతి రేపు వస్తుందో రాదో తెలియదు. ఆయన మొత్తం ఎత్తుకు తగిన వెడల్పుతోనే పునాది వేయించారు. ఇది సాహసమేనని ఆనాడు విమర్శలు వచ్చాయి. 1924లో మైసూరు, మద్రాసుల మధ్య కావేరి ఒప్పందం కుదిరింది. అదే పునాది మీద గోడ 124 అడుగులకు లేచింది. భూమిలో దాగిన ఆ పునాది లేకుంటే పై గోడ లేదు.

సిమెంటు బయటి నుంచి తెప్పించాలి, ధర ఎక్కువ. అందుచేత సున్నంలో కాల్చిన ఇటుక పొడి కలిపిన సుర్కీ వాడారు. మన ఊళ్లలో పాత మిద్దెలకు వాడిన సరుకే అది. కోలారు బంగారు గనులకు కరెంటిచ్చే శివసముద్రం కేంద్రానికి 1915 నాటికి నీరివ్వాలని గడువు. దాన్ని అందుకోవడానికి రాత్రిళ్లు దీపాలు పెట్టి వేలాది కూలీలు పనిచేశారు. మలేరియాతో బాధపడిన వారు, మునకలో కన్నంబాడి వంటి ఊళ్లు వదిలి వెళ్లిన వారు కూడా ఆ ఆనకట్ట చరిత్రలో భాగమే.

1912 నుంచి 1918 వరకు ఆయన మైసూరు దివానుగా పనిచేశారు. ఆ పదవి ఒప్పుకునే ముందు బంధువులందరినీ పిలిచి, సిఫార్సులకూ ఉద్యోగాలకూ తన గడప తొక్కకూడదని మాట తీసుకున్నారని జీవిత చరిత్రకారులు రాశారు. కాంట్రాక్టులు, పదవులు పంచే కుర్చీ పక్కన చుట్టాలు చేరితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. మైసూరు విశ్వవిద్యాలయం, మైసూరు బ్యాంకు ఆ కాలంలోనే వచ్చాయి. ప్రభుత్వ ఉద్యోగాలలో బ్రాహ్మణేతరులకు వాటా కల్పించే విధానంతో మాత్రం ఆయన ఏకీభవించలేదు. 1918లో దివాను పదవి వదిలారు. ఈ విషయంలో ఆయన వైఖరిని నాడూ విమర్శించారు, నేడూ విమర్శిస్తారు.

బొంబాయి సముద్రంలో పోసిన సొమ్ము

దివానుగిరీ వదిలాక పట్టణ ప్రభుత్వాలు ఆయన్ను మరో పనికి పిలవసాగాయి. కట్టడానికి కాదు, లెక్క చూడటానికి. 1922లో కొత్త ఢిల్లీ నిర్మాణంపై వేసిన విచారణ సంఘంలో సభ్యులయ్యారు. బొంబాయి, కరాచీ నగరపాలక సంస్థల ఖర్చు తగ్గించే మార్గాలను పరిశీలించారు.

1926లో వచ్చిన బ్యాక్ బే విచారణ వీటిలో ముఖ్యమైనది. బొంబాయిలో ఇళ్ల స్థలాలకు కరువు. సముద్రాన్ని పూడ్చి 1,145 ఎకరాల నేల సృష్టించాలని గవర్నరు సర్ జార్జి లాయిడ్ కాలంలో 1920లో పథకం వేశారు. గోడ కట్టి, రేవులో నుంచి బంకమన్ను యంత్రంతో తోడి, గొట్టాల ద్వారా గోడ లోపల పోయాలని ఏర్పాటు.

తోడే యంత్రం లెక్కలో రాసినంత మన్ను తోడలేకపోయింది. పోసిన మన్ను రాళ్ల గోడ సందుల్లో నుంచి తిరిగి సముద్రంలోకి జారింది. ఏళ్లు గడుస్తున్నా నేల పైకి తేలలేదు. ఖర్చు మాత్రం అంచనాలు దాటి కోట్లలోకి పోయింది. ఈ వ్యవహారాన్ని కె.ఎఫ్. నారిమన్ అనే న్యాయవాది బహిరంగంగా దుయ్యబట్టారు. ఆయనపై ఒక ఇంజనీరు వేసిన పరువు నష్టం కేసు 1928లో కోర్టులో వీగిపోయింది. నారిమన్ గెలిచారు.

సర్ గ్రిమ్‌వుడ్ మియర్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘంలో విశ్వేశ్వరయ్య ఒక సభ్యులు. ఆ తరువాత పథకాన్ని కుదించారు. తలపెట్టిన దానిలో సగం నేల కూడా పూడలేదు. ఇక్కడ చెడినదీ కనబడని భాగమే. గోడ అందరికీ కనిపించింది. నీటి అడుగున మన్ను ఎంత, ఎలాంటిది, యంత్రం దినానికి ఎంత తోడగలదు అన్నది సరిగా తేలక ముందే డబ్బు ఖర్చుపెట్టారు. సుక్కూరులో కొద్ది సొమ్ముతో ఊరికి నీళ్లు వచ్చాయి. బొంబాయిలో కోట్లు పోసినా నేల రాలేదు. మొదటి చోట పథకానికి ముందు కొలత ఉంది. రెండో చోట పథకం ముందు నడిచి కొలత వెనుక వచ్చింది.

చివరి దాకా పని

వయసు మీదపడినా ఆయన విశ్రాంతి తీసుకోలేదు. ఒరిస్సా మహానది వరదల గురించి 1937లో పరిశీలించి నివేదిక ఇచ్చారు. తరువాత హీరాకుడ్ ఆనకట్టకు దారితీసిన ఆలోచనలలో అది ఒకటి. బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలన్న తగవు వచ్చినప్పుడు, 90 ఏళ్లు దాటిన ఆయననే సంఘానికి అధ్యక్షులుగా వేశారు. నదీ తీరాల వెంట స్వయంగా తిరిగి చూసి మొకామా వద్ద కట్టడం మేలని తేల్చారు. అక్కడ రాజేంద్ర సేతు 1959లో ప్రారంభమైంది.

1955లో భారతరత్న వచ్చింది. 1960లో నూరవ జన్మదినాన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ముద్దెనహళ్లిలో సమాధి ఉంది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు.

నిలిచినదీ, చెదిరినదీ

గండిపేట, హిమాయత్ సాగర్ కట్టలు నేటికీ నిలిచి ఉన్నాయి. గండిపేటలో దాదాపు 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్‌లో దాదాపు 3 టీఎంసీల నీరు పడుతుంది. వానాకాలంలో నిండినప్పుడు గేట్లు ఎత్తి, మూసీ ఒడ్డు వారికి ముందుగా కబురు చేస్తారు. 1908 నాటి ప్రళయం మళ్లీ హైదరాబాదు చూడలేదు.

అయినా నీట మునక మాత్రం నగరాన్ని విడువలేదు. 2020 అక్టోబరులో కాలనీలకు కాలనీలే మునిగాయి. పూడిన చెరువుల్లో, ఆక్రమించిన నాలాల మీద లేచిన ఇళ్లలోకి నీరు దూరింది. ఎగువ చెరువులు, అలుగులు, వాగుల దారులు సరిగా ఉండాలని 1909 నివేదిక చూపిన బాట అందరికీ గుర్తుండలేదు. ఆనకట్ట కట్టిన వారు తమ పని చేశారు. దాని చుట్టూ నీటి దారులు కాపాడవలసిన బాధ్యత తరువాతి వారి మీద పడింది.

మోక్షగుండానికి ఆయన కట్టిన ఆనకట్ట ఏదీ లేదు. ఊరికి దక్కింది పేరొక్కటే. అయితే పంచాయతీ సొమ్ముతో చిన్న కల్వర్టు కట్టినా, చెరువు కట్టకు మన్ను పోసినా ఆయన పద్ధతి పనికివస్తుంది. పని మొదలవక ముందు అంచనా ఏమిటో ఊరివారు అడిగి తెలుసుకోవాలి. పునాది పూడ్చక ముందే దగ్గరుండి కొలతలు చూడాలి. సిమెంటు పూత ఆరాక అడిగేవారికి పైపూత తప్ప మరేమీ కనబడదు.